మద్దెల ఓడు కాదు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశాన్ని కాగితం మీద చదివితే కాస్త భయమేసింది: "స్టెమ్ విద్యలో, ఉద్యోగాల్లో భాగస్వామ్య విస్తరణపై నిధులతో సాగిన పరిశోధన". ఇలాంటి మాటలు గ్రాంటు దరఖాస్తుల్లో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే ముసలివైపోతాయి. (నవ్వులు) మామూలు మాటల్లో ఇది ఒకే ప్రశ్న. స్టెమ్ అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం - వీటిలోకి చాలామంది వస్తారు. చివరికి కొన్ని రకాల మనుషులే మిగులుతారు. మిగతావాళ్లు ఎక్కడ ఆగిపోయారు? ఎందుకు?

ఈ ప్రశ్న మీద అమెరికా నలభై ఏళ్లకు పైగా డబ్బు పెట్టింది. లెక్కలు రాసిపెట్టుకుంది కూడా. అందుకే ఇవాళ నేను అక్కడి సంగతులే మాట్లాడతాను. చట్టాల పేర్లు, పథకాల పేర్లు తర్వాత చూద్దాం. ముందు ఒక గణితం క్లాసులోకి వెళదాం.

1970ల నడిమి కాలం. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. యూరీ ట్రైస్‌మన్ అనే కుర్రాడు అక్కడ గణితంలో పరిశోధన చేస్తూ కాల్క్యులస్ క్లాసులకు సహాయకుడిగా పనిచేస్తున్నాడు. ఆ యూనివర్సిటీలో 1975కు ముందు పదేళ్ల లెక్క ఇదీ: మొదటి టర్మ్ కాల్క్యులస్ పూర్తిచేసిన నల్లజాతి విద్యార్థుల్లో 60 శాతం మందికి డి గానీ ఎఫ్ గానీ, అంటే అట్టడుగు గ్రేడులే వచ్చాయి. వీళ్లేమీ దారిన పోతూ వచ్చి చేరినవాళ్లు కాదు. బర్క్‌లీలో సీటు సంపాదించినవాళ్లు. హైస్కూల్లో క్లాసు ఫస్టు వచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

ఎందుకిలా అని ట్రైస్‌మన్ అధ్యాపకులను అడిగాడు. వచ్చిన జవాబుల్ని పోగేస్తే నాలుగు కుప్పలయ్యాయి. చదువు మీద పట్టుదల లేదు. పునాది బలంగా లేదు. ఇంట్లో చదువు గురించి తెలిసినవాళ్లు లేరు. డబ్బు లేదు. చాలా సానుభూతితో, చాలా మర్యాదగా ఇచ్చిన జవాబులివి. గమనించండి, నాలుగూ విద్యార్థి గురించే. ఆడలేక మద్దెల ఓడన్నాడని మన సామెత. ఇక్కడ పాఠం చెప్పేవాళ్లు వినేవాళ్లను ఓడన్నారు.

ట్రైస్‌మన్ చేసిన గొప్ప పని, ఆ జవాబుల్ని నమ్మకపోవడం కాదు. నమ్మాడో లేదో నాకు తెలీదు. వెళ్లి చూశాడు, అదీ గొప్ప. ఇరవై మంది నల్లజాతి విద్యార్థుల్ని, ఇరవై మంది చైనా మూలాలున్న విద్యార్థుల్ని తీసుకుని, పద్దెనిమిది నెలలపాటు వాళ్లెలా చదువుతున్నారో దగ్గరుండి చూశాడు. వాళ్ల మధ్యే మకాం పెట్టాడు, చదువుతుండగా వీడియో తీశాడు. చూసేకొద్దీ నాలుగు కుప్పలూ ఒక్కొక్కటే కూలాయి. పట్టుదల లేకపోవడమేమిటి, ఆ పిల్లలు తమ పేటకే గర్వకారణం. ఇంట్లో పట్టించుకోరన్నది అబద్ధం. బిడ్డ పుట్టకముందే కాలేజీకి పంపాలని నిశ్చయించుకున్న తల్లిదండ్రులు వాళ్లలో ఉన్నారు. ఆదాయం తేడా లెక్కలోకి తీసుకున్నా ఫలితం మారలేదు. అన్నిటికన్నా విచిత్రం పునాది సంగతి. ప్రవేశ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే కొందరు ముందుగా మునిగిపోయారు.

మరి తేడా ఎక్కడుంది? ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ తేడా వింటే "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. క్లాసులో గంట పాఠానికి ఇంట్లో రెండు గంటలు చదవాలని అధ్యాపకులు చెప్పేవాళ్లు. నల్లజాతి విద్యార్థులు ఆ మాటను అక్షరాలా పాటించారు. వారానికి ఎనిమిది గంటలు కూర్చుని, ఒంటరిగా, చెప్పిన లెక్కలన్నీ చేశారు. చైనా మూలాలున్నవాళ్లు వారానికి పద్నాలుగు గంటల దాకా చదివారు. అందులో ఎక్కువ భాగం ఒంటరిగానే. కానీ ఆ తర్వాత సాయంత్రాలు కలిసేవాళ్లు. కలిసి వండుకుని, తిని, ఒకరి లెక్క ఒకరు దిద్దుకునేవాళ్లు, ఒకరినొకరు ప్రశ్నలడుక్కునేవాళ్లు. పాత పరీక్షల పేపర్లు సంపాదించి చేసేవాళ్లు. ఒక లెక్క ఎవరికీ రాకపోతే ఆ లెక్కే కష్టమైందని అందరికీ తెలిసేది. ఒంటరిగా కూర్చున్నవాడికి అదే లెక్క రాకపోతే, "నాకే రాలేదు, నేనిక్కడికి తగనేమో" అనిపించేది.

ఆ ఒక్క వాక్యం కోసం ఎంత డబ్బు పోసినా తక్కువే అంటాను నేను.

ఆ తర్వాత ట్రైస్‌మన్ మొదలుపెట్టిన వర్క్‌షాపులు వెనకబడినవాళ్ల కోసం పెట్టే ప్రత్యేక తరగతుల్లాంటివి కావు. అక్కడి లెక్కలు మామూలు క్లాసు లెక్కలకన్నా కష్టమైనవి. చిన్న చిన్న గుంపులుగా కూర్చుని చేయాలి. "మీరు వెనకబడ్డారు, రండి సాయం చేస్తాం" అని పిలిస్తే ఆ పిల్లలెవరూ వచ్చేవాళ్లు కాదు. "కష్టమైన గణితం చేస్తాం, రండి" అంటే వచ్చారు. ప్రవేశ పరీక్షలో గణితానికి 600 దాటి కొంచెమే తెచ్చుకున్న నల్లజాతి విద్యార్థులు, 700 దాటి బాగా పైన ఉన్న తెల్లజాతి, ఆసియా విద్యార్థులతో సమానంగా కాల్క్యులస్‌లో రాణించారు. ట్రైస్‌మన్ ఇదంతా 1992లో ఒక కాలేజీ గణిత పత్రికలో రాశాడు. ఇప్పటికీ చదివించదగ్గ వ్యాసం.

ఇక్కడ మీలో లెక్కల మాస్టార్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తాలి. "అయ్యా, వచ్చినవాళ్లు తమంతట తాము వచ్చినవాళ్లు కదా, వాళ్లకు ముందునుంచే ఊపు ఎక్కువేమో" అని అడగాలి. న్యాయమైన అనుమానం. ఈ రంగంలో ఏ పరిశోధనకైనా ఇదే పెద్ద ముల్లు. ఈ ముల్లును కాస్త తీయగలిగిన చోటు ఇంకొకటి ఉంది.

మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి బాల్టిమోర్ కౌంటీలో ఒక క్యాంపస్ ఉంది. 1988లో రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ దంపతులు ఇచ్చిన డబ్బుతో, అప్పట్లో అక్కడ పాలనలో ఉన్న ఫ్రీమన్ హ్రబోవ్‌స్కీ ఒక పథకం మొదలుపెట్టాడు. మొదటి జట్టులో పందొమ్మిది మంది, అందరూ నల్లజాతి అబ్బాయిలు. మరుసటి ఏడాదే అమ్మాయిల్ని తీసుకున్నారు. 1996 నుంచి ఏ జాతివాళ్లయినా చేరొచ్చన్నారు. ఈ మార్పు కోర్టు తీర్పు వల్ల వచ్చింది, ఆ సంగతి చివర్లో మళ్లీ గుర్తుచేస్తాను. చేరినవాళ్లు మొదటి ఏడాదికి ముందే వేసవిలో క్యాంపస్‌కు వచ్చి కలిసి ఉంటారు, కలిసి చదువుతారు. మొదటినుంచే ల్యాబుల్లో పరిశోధన చేస్తారు. గురి డిగ్రీ మీద కాదు, పీహెచ్‌డీ మీద.

ముల్లు తీసిన సంగతి ఇదీ. ఈ పథకంలోకి ఆహ్వానం అందుకుని, "వద్దు, నేను వేరే యూనివర్సిటీకి వెళతా" అన్న పిల్లలు కొందరుంటారు. వాళ్లూ అంతే తెలివైనవాళ్లు, అదే జల్లెడలోంచి వచ్చినవాళ్లు. వాళ్లతో పోల్చి చూస్తే, ఇక్కడ చేరినవాళ్లు సైన్సులో పీహెచ్‌డీ దాకా వెళ్లే అవకాశం సుమారు ఐదు రెట్లు. ఇది పకడ్బందీ ప్రయోగమని అనను. ఈ రంగంలో ఇంతకన్నా మంచి పోలిక మాత్రం తరచుగా దొరకదు. కోవిడ్ టీకా తయారీలో పేరు విన్న కిజ్మేకియా కార్బెట్ ఈ పథకంలో చదువుకున్న అమ్మాయే. పెన్ స్టేట్, నార్త్ కరోలినా యూనివర్సిటీల్లో ఇలాంటివే పెడితే అక్కడా పనిచేశాయి. అంటే ఇది ఒక్క మనిషి చలవ కాదు.

ఇక డబ్బు సంగతికి వద్దాం. ఈ డబ్బు ఎక్కడిది? కొంత ధర్మదాతలది, ఇప్పుడు చెప్పానుగా. పెద్ద ధార మాత్రం ప్రభుత్వానిది. 1950లో పుట్టిన నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను, అందరూ ఎన్ఎస్ఎఫ్ అనే సంస్థను, 1980లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టంతో కట్టేసింది. స్త్రీలు, మైనారిటీలు సైన్సులో ఎంతమంది ఉన్నారో లెక్కలు తీయాలి, ప్రతి రెండేళ్లకూ చెప్పాలి అని. వైకల్యం ఉన్నవాళ్లను ఆ లెక్కలోకి తర్వాత చేర్చారు. లెక్క మొదలయ్యాక పథకాలు వచ్చాయి. 1991లో కాలేజీల కూటములకు డబ్బిచ్చే పథకం పెట్టారు, దానికి తర్వాత ఒహాయో ప్రతినిధి లూయీ స్టోక్స్ పేరు పెట్టారు. 1997లో ఇంకో మార్పు వచ్చింది. ఇది చిన్నదిగా కనిపించే పెద్ద మార్పు. ఏ సైంటిస్టు గ్రాంటు అడిగినా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఒకటి, నీ పనిలో విద్వత్తు ఏమిటి? రెండు, దానివల్ల సమాజానికి ఏం ఒరుగుతుంది?

ఆ రెండో ప్రశ్న వచ్చాక నక్షత్రాల మీద పనిచేసేవాడు కూడా స్కూలు పిల్లల గురించి ఒక పేరా రాయాల్సొచ్చింది. మంచిదే. కానీ ఆ పేరా చాలాసార్లు పెళ్లి శుభలేఖలా తయారైంది - పేర్లు మారతాయి, మాటలు మారవు. ఒక వేసవి శిబిరం, ఒక ల్యాబు సందర్శన, హైస్కూల్లో ఒక ఉపన్యాసం. ఆ శిబిరానికి వచ్చిన పాప ఐదేళ్ల తర్వాత ఏం చేస్తోందో ఎవరూ అడగరు. గ్రాంటు మూడేళ్లే కదా. నా మటుకు నాకు, డబ్బు ఎక్కువగా వృథా అయిన చోటు ఇదే. పథకాలు చెడ్డవని కాదు. వాటి కాలం పిల్లల కాలంతో కలవదు.

ఈ పథకాల వెనక ఒక బొమ్మ ఉంది. సైన్సు చదువు ఒక గొట్టం, అది మధ్యలో కారిపోతోంది, అందుకే చివరికి తక్కువమంది మిగులుతున్నారు అని. నాకీ పోలిక ఎప్పుడూ నచ్చలేదు. నీటి చుక్కకు సొంత నిర్ణయం ఉండదు. విద్యార్థికి ఉంటుంది. 1990ల్లో ఎలేన్ సేమోర్, నాన్సీ హ్యూయిట్ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు యూనివర్సిటీల్లో 335 మంది విద్యార్థులతో మాట్లాడారు. సైన్సు వదిలేసినవాళ్లతోనూ, నిలబడినవాళ్లతోనూ. వదిలేసినవాళ్లు తెలివిలో తీసిపోలేదు. ఇద్దరి ఫిర్యాదులూ ఒకేలా ఉన్నాయి: పాఠాలు బాగా లేవు, పోటీ మనిషిని నలిపేస్తోంది, అడిగితే చెప్పే నాథుడు లేడు. తేడా ఫిర్యాదులో లేదు. భరించడంలో ఉంది.

అయితే పాఠం మార్చి చూద్దాం అన్నారు కొందరు. వాషింగ్టన్ యూనివర్సిటీలో స్కాట్ ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి 2014లో లెక్క తేల్చింది. గంటసేపు ఉపన్యాసం వినిపించే తరగతుల్లో 33.8 శాతం మంది తప్పారు. పిల్లలతో చేయించే, మాట్లాడించే, గుంపుల్లో లెక్కలు కట్టించే తరగతుల్లో 21.8 శాతం. ఉపన్యాసం ఇస్తూ ఈ అంకె చెప్పడం నాకే సిగ్గుగా ఉంది. (నవ్వులు) ఆరేళ్లకు ఎల్లీ థియోబాల్డ్ బృందం ఇంకో మెట్టెక్కింది. అలా చేయించే తరగతుల్లో, వెనకబడిన వర్గాల పిల్లలకూ మిగతావాళ్లకూ పాసయ్యే విషయంలో ఉండే ఎడం 45 శాతం తగ్గింది. ఒక మెలిక కూడా చెప్పారు. పాఠంలో ఎక్కువ భాగం చేతులతో చేయించినప్పుడే ఆ ఎడం తగ్గింది. గంటలో ఒక్క ఐదు నిమిషాలు "పక్కవాడితో మాట్లాడుకోండి" అంటే సరిపోలేదు. బర్క్‌లీలో ట్రైస్‌మన్ కంటితో చూసిందే ఇక్కడ అంకెల్లో కనిపించింది.

ఇంకో అధ్యయనం చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టం. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో నీలాంజన దాస్‌గుప్తా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంజినీరింగు మొదటి ఏడాదిలో ఉన్న 150 మంది అమ్మాయిల్ని తీసుకున్నారు. కొందరికి సీనియర్ అమ్మాయిని, కొందరికి సీనియర్ అబ్బాయిని తోడుగా ఇచ్చారు. కొందరికి ఎవరినీ ఇవ్వలేదు. ఎవరికి ఎవరన్నది చీటీలు వేసినట్టే నిర్ణయించారు, కాబట్టి ఇందాకటి ముల్లు ఇక్కడ లేదు. సీనియర్ అమ్మాయి తోడున్నవాళ్లలో "ఇది నా చోటే" అన్న భావన, "చేయగలను" అన్న ధైర్యం చెక్కుచెదరలేదు. మిగతావాళ్లలో సన్నగిల్లాయి. మార్కులు? అదీ అసలు విశేషం. మొదటి ఏడాదిలో ఇంజినీరింగులో ఎవరు నిలబడతారన్నదానికీ మార్కులకూ సంబంధం కనిపించలేదు. మంచి మార్కులతోనే వెళ్లిపోయేవాళ్లున్నారు. మరి ఇన్నేళ్లూ పునాది, పునాది అని ట్యూషన్లకు పోసిన డబ్బు సంగతేమిటి?

విద్యార్థుల గురించి చాలు. ఒక ప్రొఫెసర్ దగ్గరికి వెళదాం. ఎంఐటీలో నాన్సీ హాప్కిన్స్ అనే జీవశాస్త్రవేత్త జీబ్రాఫిష్ అనే చిన్న చేపల మీద పరిశోధన మొదలుపెట్టి, తొట్టెలకు ఇంకాస్త చోటు కావాలని అడిగింది. ఇవ్వలేదు. ఆమె కొలత టేపు తీసుకుని వెళ్లి ల్యాబులన్నీ కొలిచింది. నేను ఊరికే ఉపమానం చెప్పడం లేదండి, నిజంగానే టేపుతో కొలిచింది. పెద్ద ప్రొఫెసర్ అయిన తనకు, కొత్తగా చేరిన మగ అధ్యాపకులకన్నా తక్కువ చోటు ఉందని తేలింది. ఆ కొలతల కాగితం పట్టుకుని మిగతా ఆడ ప్రొఫెసర్ల దగ్గరికి వెళ్లింది. మొత్తం సైన్సు విభాగంలో శాశ్వత పదవిలో ఉన్న ఆడవాళ్లు అప్పట్లో పదిహేను మంది. ప్రతి ఒక్కరూ అప్పటిదాకా "ఇది నా ఒక్కదాని సమస్య" అనుకుంటూ వచ్చారు.

బర్క్‌లీలో ఒంటరిగా లెక్క చేసుకున్న పిల్లవాడు గుర్తొచ్చాడా?

వాళ్లు కలిసి డీన్‌కు ఉత్తరం రాశారు, కమిటీ వేయించారు, 1999లో నివేదిక బయటికొచ్చింది. ఆ నివేదికకు ముందుమాట రాస్తూ ఎంఐటీ అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్, వివక్షలో కొంత నిజం, కొంత మనసులో అనిపించేది అనుకునేవాణ్ణని, నిజం పాలే చాలా ఎక్కువని ఇప్పుడు అర్థమైందని ఒప్పుకున్నాడు. ఒక పెద్ద సంస్థ అధిపతి అలా బహిరంగంగా ఒప్పుకోవడం చాలా అరుదు.

దీని తర్వాత నిధుల దారి మారింది. అంతకుముందు ఎన్ఎస్ఎఫ్ ఆడ సైంటిస్టులకు వ్యక్తిగతంగా గ్రాంటులిచ్చేది. ఒక అతిథి ప్రొఫెసర్ పథకం, దాని తర్వాత ఇంకోటి. అంటే ఆడమనిషిని బలపరిస్తే చాలు, నెగ్గుకొస్తుందని. 2001లో అడ్వాన్స్ అనే పథకం పెట్టి, మనిషికి కాకుండా విశ్వవిద్యాలయానికి డబ్బివ్వడం మొదలుపెట్టారు. నియామకాలెలా జరుగుతున్నాయి, ప్రమోషన్లెలా ఇస్తున్నారు, ప్రసవ సెలవులేమిటి, జీతాలెలా ఉన్నాయి, ఇవి మార్చుకోండి అని. మిషిగన్ యూనివర్సిటీలో ఈ డబ్బుతో స్ట్రైడ్ అనే కమిటీ వేశారు. పెద్ద ప్రొఫెసర్లే కూర్చుని ఈ పరిశోధనలు చదివి, తోటి ప్రొఫెసర్లకు నియామకాల గురించి పాఠం చెప్పారు. మానవ వనరుల విభాగం చెబితే వినని ఫిజిక్సు ప్రొఫెసరు ఇంకో ఫిజిక్సు ప్రొఫెసరు చెబితే వింటాడు కదా. మనిషి స్వభావం తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు.

నియామకాల మీద పరిశోధనలన్నీ ఒకేవైపు లేవని కూడా చెప్పాలి, లేకపోతే నేను మీకు అన్యాయం చేసినట్టే. 2012లో యేల్ బృందం 127 మంది సైన్సు అధ్యాపకులకు ఒకే దరఖాస్తు పంపింది. కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెనిఫర్ పేరుతో. ల్యాబు మేనేజరు ఉద్యోగం. జాన్‌కు సగటున 30,238 డాలర్ల జీతం ఇస్తామన్నారు, జెనిఫర్‌కు 26,508. ఆడ అధ్యాపకులూ అలాగే తూచారు. మూడేళ్ల తర్వాత కార్నెల్‌లో వెండీ విలియమ్స్, స్టీఫెన్ సీసీ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం మీద ఇలాంటి పరీక్షే పెడితే, సమానంగా ఉన్న ఇద్దరిలో ఆడ అభ్యర్థికి రెండింతల మొగ్గు కనిపించింది. రెంటినీ చదివినవాళ్లు వాదించుకుంటూనే ఉన్నారు. నాకనిపించేది ఇది: అన్నివిధాలా అద్భుతంగా కనిపించే దరఖాస్తుకు పక్షపాతం అడ్డురాకపోవచ్చు. మామూలు దరఖాస్తు దగ్గరే పేరు పనిచేస్తుంది. మనలో ఎక్కువమందివి మామూలు దరఖాస్తులే.

ఇక కొంచెం ఇబ్బందిగా ఉండే సంగతి. వివక్ష మీద పరిశోధనకు డబ్బిచ్చే సంస్థలు తమ సొంత ఇంట్లో చూసుకున్నాయా? 2011లో డోనా గింథర్ బృందం ఎన్ఐహెచ్, అంటే ఆరోగ్య పరిశోధనకు డబ్బిచ్చే సంస్థ, దాని గ్రాంటుల్ని లెక్కగట్టింది. చదువు, అనుభవం, ప్రచురణలు అన్నీ సరిచూసుకున్నా, నల్లజాతి పరిశోధకుడికి గ్రాంటు వచ్చే అవకాశం పది శాతం పాయింట్లు తక్కువ. సంస్థ సొంత మనుషులే 2019లో తవ్వి చూస్తే, ఆ తేడాలో అయిదో వంతుకు పైగా పరిశోధకులు ఎంచుకున్న అంశంలో ఉందని తేలింది. జనాల మధ్య, బస్తీల్లో ఆరోగ్యం గురించి చేసే పరిశోధనకు మార్కులు తక్కువ. కణం లోపల ఏం జరుగుతుందో చూసేదానికి ఎక్కువ. 2022లో క్రిస్టీన్ చెన్ బృందం ఎన్ఎస్ఎఫ్ సొంత లెక్కల్ని ఇరవై ఏళ్లకు పరిచి చూస్తే, తెల్లజాతివాళ్లకు సగటుకన్నా ఎక్కువగా గ్రాంటులు అందుతున్నాయి. అందరికన్నా తక్కువగా అందుతున్నది ఎవరికో తెలుసా? ఆసియావాళ్లకు. "మనవాళ్లకేంటి, వాళ్లే ఎక్కువగా ఉన్నారు కదా" అనే నోళ్లు ఇక్కడ కాసేపు మూతపడతాయి. క్లాసులో తల ఎక్కువగా కనిపించడం వేరు, గ్రాంటు చేతికందడం వేరు.

వైకల్యం ఉన్నవాళ్ల మాట ఇలాంటి సభల్లో చివరికి నెట్టేస్తారు. నేనూ అదే చేశాను, క్షమించాలి. ఎన్ఎస్ఎఫ్ లెక్క ప్రకారం 2021లో అమెరికా స్టెమ్ ఉద్యోగుల్లో స్త్రీలు 35 శాతం. వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 3 శాతం. చూపులేని పిల్లవాడు కెమిస్ట్రీ ల్యాబులో ఏం చేస్తాడు? ఎక్కువ చోట్ల, పక్కనున్నవాడు ప్రయోగం చేస్తుంటే విని రాసుకుంటాడు. ప్రయోగం అతనిది కాదు. క్యారీ సుపాలో అనే చూపులేని రసాయన శాస్త్రవేత్త పెన్ స్టేట్‌లో పీహెచ్‌డీ చేస్తూ, ఎన్ఎస్ఎఫ్ గ్రాంటుతో నడిచిన ఒక ప్రాజెక్టులో, ద్రావణంలో ముంచే ఒక పరికరం మీద పనిచేశాడు. అందులో చిన్న కాంతి గ్రాహకం ఉంటుంది. పరీక్షనాళికలో అవక్షేపం, అంటే ద్రావణంలోంచి విడివడే గట్టి పదార్థం, ఏర్పడుతున్నకొద్దీ వెలుతురు తగ్గుతుంది, దాంతోపాటు పరికరం నుంచి వచ్చే స్వరం మారుతుంది. అంటే అవక్షేపం పడటం చెవికి వినిపిస్తుంది. తర్వాత కొలతల్ని గొంతెత్తి చదివే పరికరాలు వచ్చాయి. చూడండి, విద్యార్థిలో ఏదీ మారలేదు. కళ్లు అవే. మారింది బల్లమీది పరికరం. ఈ సాయంత్రం చెప్పిన వాటిలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఆ పరికరాన్ని గుర్తుపెట్టుకోండి.

చివరిగా ఈ మధ్య జరిగింది. 2025 జనవరిలో అమెరికాలో, వైవిధ్యం పెంచే పథకాల్ని ఆపమంటూ కొత్త ప్రభుత్వ ఆదేశాలు వచ్చాయి. ఏప్రిల్‌లో ఎన్ఎస్ఎఫ్, తన ప్రాధాన్యాలకు సరిపడని గ్రాంటుల్ని ఆపేస్తున్నామని చెప్పింది. ఒక వర్గానికి మొగ్గు చూపుతూ ఇంకో వర్గాన్ని తగ్గించకూడదు, అవకాశాలు అందరికీ ఉండాలి అంది. వెయ్యికి పైగా గ్రాంటులు మధ్యలో ఆగాయి. వాటిలో పెద్ద వాటా విద్య విభాగానివే. కోర్టుల్లో కేసులు నడిచాయి, కొన్ని గ్రాంటులు తిరిగి వచ్చాయి. 1980 చట్టం మాత్రం రద్దు కాలేదు. అందరికీ తెరవాలంటే తెరవొచ్చు. మేరీలాండ్ పథకం 1996లోనే తెరిచిందని చెప్పాను కదా, అది ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి "అందరికీ" అన్న మాటతో నాకు గొడవ లేదు. నా బాధ వేరేది, అది కాస్త సాంకేతికమైనది.

దాస్‌గుప్తా బృందం 150 మంది అమ్మాయిల ఫలితం 2017లో ప్రచురించింది. అక్కడితో ఊరుకోలేదు. తోడు ఇచ్చింది ఒక్క ఏడాదే. తర్వాత ఆ అమ్మాయిల్ని డిగ్రీ అంతా, డిగ్రీ అయిపోయాక కూడా వెంబడించి అడుగుతూ వచ్చారు. మొదటి ఏడాది దొరికిన తోడు ప్రభావం డిగ్రీ దాటాక కూడా నిలిచిందని 2022లో గానీ చెప్పలేకపోయారు. ఇలాంటి పరిశోధనకు ఉన్న వింత ఇదే. ల్యాబులో ఎలుకలు చనిపోతే కొత్త ఎలుకల్ని తెచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు. టెలిస్కోపుకు కరెంటు పోతే నక్షత్రం రేపూ అక్కడే ఉంటుంది. మొదటి ఏడాదిలో ఉన్న విద్యార్థిని "ఈ చోటు నీదనిపిస్తోందా" అని అడగాల్సిన వారం ఒకటుంటుంది. ఆ వారం గ్రాంటు ఆగిపోయి, ప్రశ్నపత్రం వెళ్లకపోతే, రెండేళ్ల తర్వాత కోర్టు డబ్బు తిరిగి ఇప్పించినా, ఆ అమ్మాయి అప్పటికి మూడో ఏడాదిలో ఉంటుంది. లేదా ఇంజినీరింగులోనే ఉండదు.

ప్రశ్నలుంటే అడగండి.